పగడాలకు రాత్రి కావాలి

ట్యాంకు లైట్లు బిగించే పనిలో కొత్తగా దిగిన పిల్లలు ఇప్పటికీ నాకు ఫోను చేస్తుంటారు. నీలం ఎంత పెట్టాలి, తెలుపు ఎంత పెట్టాలి, నీళ్ళకు ఎంత ఎత్తులో కట్టాలి అని అడుగుతారు. విసుక్కుంటూనే చెబుతాను. విసుక్కోకుండా చెబితే నా మాటకు విలువుండదని నా అనుమానం. ఇంతమంది అడిగారు కానీ, లైటు ఎప్పుడు ఆర్పాలని ఒక్కడూ అడగలేదు. అదంతా ఫోనులో యాప్ చూసుకుంటుందట. చూసుకుంటుంది నాయనా, కాదనను. కుప్పంలో ఒక ఇంట్లో మాత్రం అట్లాంటి ఏర్పాటు ఉండి కూడా పనికిరాకుండా పోయింది. ఆ సంగతి మీ చెవిన వేయాలనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నాది పుంగనూరు. మదనపల్లెలో చేపల ట్యాంకుల అంగడిలో చేరకముందు నాటకాలకు లైట్లు వేసేవాణ్ణి. చౌడేపల్లె మొదలు తంబళ్లపల్లె దాకా ఏ ఊళ్ళో పౌరాణికం ఆడినా, స్టేజీ పక్కన తెర తాళ్ళ మధ్య చెమటలు కక్కుతూ కూర్చుని ఉండేది నేనే. లైటు ముందు రంగు కాగితం తిప్పడం మా విద్య. సభకు పసుపు, యుద్ధానికి ఎరుపు, కాటి సీనుకు నీలం. నాకు పని నేర్పిన పెద్దాయన ఒక మాట అనేవాడు: "లైటు వేసేదానికి ఎవురైనా పనికొస్తారప్పా. తీసేదే కష్టం." ఒక ఊళ్ళో ఏడుపు పద్యం రాగం ఇంకా సాగుతుండగానే నేను లైటు తీసేశాను. పాడుతున్నాయన మిగతా రాగం చీకట్లోనే పూర్తిచేసి, తెర వెనక్కి వచ్చి, పద్యంలో లేని మాటలు కొన్ని నాకు వినిపించాడు. పెద్దాయన చెవి మెలేశాడు. ఆ చెవి ఇప్పటికీ కొంచెం ఎర్రగానే ఉంటుందని మా ఇంటామె ఎగతాళి చేస్తుంది.

నాటకాలు తగ్గాక మదనపల్లె అంగడి ఓనరు పిలిచి పనిచ్చాడు. మనుషుల మీద కారాలు మిరియాలు నూరేవాడు కానీ, చేపల దగ్గరకు పోతే గొంతు మెత్తబడేది. అంగడిలో ఇంకొకామె ఉండేది. వయసులో నా కూతురంత. నీళ్ళలో ఉప్పు ఎంతుంది, సున్నం ఎంతుంది అని పరీక్ష చేయడం ఆమె పని. మేము నీళ్ళ డాక్టరమ్మ అనేవాళ్ళం. మొహమాటం అనేది ఆమెకు పుట్టుకతోనే లేదు. నలతగా ఉన్న చేపను చూసి, కొనేవాళ్ళ ముందే "ఇది సాయంత్రానికి పోతాది" అని చెప్పేసేది. ఓనరు తల పట్టుకునేవాడు.

చేరిన కొత్తలో నేను వెలగబెట్టిన ఘనకార్యం ఒకటి చెప్పాలి. స్టేజీ అలవాటు కొద్దీ ఒక ట్యాంకుకు లైట్లు ఎదురుగా, కింద నుంచి కొట్టేటట్టు పెట్టాను. చేపలన్నీ బెదిరి వెనక మూలకు చేరాయి. ఓనరు వచ్చి చూసి, ఇవి పద్యం పాడతాయని కూర్చున్నావా అని అడిగాడు. సూర్యుడు పైన ఉంటాడన్న సంగతి నాకు ఆ రోజు కొత్తగా తెలిసింది.

ఆ తర్వాత ఓనరు మనసు పగడాల మీదకు పోయింది. సముద్రంలోంచి కోసుకొచ్చినవి ముట్టేవాడు కాదు. తొట్లలో పెంచినవి, సరైన కాగితాలతో వచ్చేవే తెప్పించేవాడు. పగడమంటే మనకు ఉంగరంలో రాయి, తాళిలో పూస. నిజానికి అది ప్రాణి. ఇంతింత ప్రాణులు గుంపుగా చేరి, కింద సున్నపు గూడు కట్టుకుంటూ పెరుగుతాయి. వాటి చర్మంలో కంటికి కనపడని పాచి కాపురముంటుంది. వెలుతురు తగిలితే ఆ పాచి వంట చేస్తుంది, పగడం తింటుంది. రంగు కూడా చాలావరకు ఆ పాచి చలవే. వెలుతురు చాలకపోతే పొయ్యి వెలగదు. మరీ ఎక్కువై, తెరిపి లేకుండా పొయ్యి మండుతూనే ఉంటే ఇల్లంతా పొగచూరుతుంది, అప్పుడు పగడమే ఆ వంటమనిషిని బయటికి గెంటేస్తుంది. గెంటేశాక తెల్లబడిపోతుంది. తెల్లబడిన వెంటనే చావదు, కానీ పస్తులుంటుంది. ఇంతవరకు తెలిస్తే నేను చెప్పబోయేదానికి చాలు.

ఒకరోజు కుప్పం నుంచి ఒకాయన అంగడికి వచ్చాడు. గ్రానైటు కోసి పాలిషు పట్టే చిన్న ఫ్యాక్టరీ ఆయనది. ఒకప్పుడు తానే సుత్తి పట్టి రాళ్ళు కొట్టి పైకొచ్చిన మనిషని ఆ చేతులు చూస్తేనే తెలుస్తుంది. మాలో మేము రాళ్ళాయన అనుకునేవాళ్ళం. పగడాల తొట్టి ముందు నిలబడి చాలాసేపు కదల్లేదు. ఇది పెరుగుతుందా అని అడిగాడు. పెరుగుతుందన్నాను.

"ఇన్నేండ్లూ రాళ్ళను కోసి సన్నం జేసినానప్పా. పెరిగే రాయి ఒకటుండాదంటే అది మా ఇంట్లో ఉండల్ల," అన్నాడు.

ఓనరు వెంటనే నన్ను ఆయన వెంట కుప్పం పంపాడు. అక్కడ మొదలైంది మా ఇద్దరికీ లైట్ల పంచాయితీ. పాలిషు పట్టిన రాయిలో సన్న గీత ఉన్నా పట్టుకునేందుకు ఫ్యాక్టరీలో కళ్ళు చెదిరే తెల్ల లైట్లు ఉంటాయి. అవే ఇక్కడా పెట్టమన్నాడు. ఆ లైటు కింద ఏదీ దాక్కోలేదని ఆయన ధీమా. నేను తెచ్చిన నీలం లైటు వేసి చూపిస్తే మొహం వేలాడేశాడు. ఇదేందప్పా కాటి సీను మాదిరి ఉండాది, హాల్లో కూర్చున్నోళ్ళంతా శవాల మాదిరి కనపడతాండారు అన్నాడు. నాకు లోపల నవ్వొచ్చింది. మొదటిసారి ఆ లైటు చూసినప్పుడు నాకూ అదే తోచింది మరి.

వాదించి లాభం లేదని, అంగడి నుంచి తెచ్చిన పగడపు ముక్క ఒకటి ఉప్పునీళ్ళ బొచ్చెలో పెట్టి, ఆయన తెల్ల లైటు కిందే చూపించాను. మట్టి అంటుకున్న రాయిలాగుంది. కిటికీ తలుపులు మూసి నీలం లైటు కిందకు జరిపాను. ఆ ముక్క లోపల్నుంచి ఎవరో వెలిగించినట్టు పచ్చగా లేచింది. ఆయన బొచ్చె మీదకు వంగాడు. సముద్రంలో దిగేకొద్దీ ఎరుపు, పసుపు పైనే ఇంకిపోతాయని, అడుగుకు చేరేది నీలమేనని, ఇవి ఆ నీలానికి అలవాటు పడిన జీవాలని చెప్పాను. చివరికి ఇద్దరమూ ఒక రాజీకొచ్చాం. పొద్దున నీలంతో మొదలు కావాలి, మధ్యాహ్నం తెలుపు కలవాలి, సాయంత్రానికి మళ్ళీ నీలం ఒక్కటే మిగిలి మెల్లగా ఆరిపోవాలి. ఆర్పడం, వెలిగించడం గోడకు బిగించిన టైమరు పెట్టె చూసుకుంటుంది.

తర్వాత అమరిక. ఒక్క పెద్ద లైటు పెడితే ప్రతి పగడానికీ ఒక పక్క నీడ పడి, ఆ పక్క ఎండిపోతుంది. అందుకని రెండు లైట్లు, ఒకదానివైపు ఒకటి కొంచెం వాల్చి కట్టాను. పైన గ్రానైటు గొడుగు పెట్టిస్తానని ఆయన పట్టుబట్టాడు. నెత్తిన బండ పెట్టుకుని ఏ జీవమూ సుఖపడదని చెప్పి మాన్పించాను. లైట్లను దూలానికి మేకులతో బిగించకుండా, స్టేజీ తెరలాగా కప్పీల మీద తాళ్ళతో వేలాడదీశాను. లాగితే పైకి పోతాయి, వదిలితే కిందికి వస్తాయి. నా పాతవిద్య పనికొచ్చింది అదొక్కచోటే. వేళ్ళలాగా నిలువుగా పెరిగే రకానికి వెలుతురు ఎక్కువ కావాలి కాబట్టి పైన, పుట్టగొడుగుల్లాంటివి నీడ కోరతాయి కాబట్టి అడుగున, మధ్యలో బొరుగుల ముద్దలాగా గుండ్రంగా, మడతలు మడతలుగా ఉన్న పెద్ద పచ్చ పగడం. రాళ్ళాయన దానికి మేస్త్రీ అని పేరు పెట్టాడు. అందరి మధ్యా కదలకుండా కూర్చుని పని చూస్తుందట.

కొత్త పగడాలకు మొదట్లో లైటు ఎత్తులో, సన్నగా ఉండాలని, వారానికింత కిందికి దించుకుంటూ రావాలని చెబితే ఆయన ఒప్పుకోలేదు. కొన్నది చూసుకునేందుకే గదా, మొదటి రోజే పూర్తిగా వెయ్యమన్నాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు తయారయ్యాడు. అప్పటిదాకా వంటింటి గడపలో నిలబడి చూస్తున్న ఆయన భార్య అడ్డం వచ్చింది. పలమనేరు దగ్గర పట్టుపురుగులు పెంచే ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి ఆమె.

"ఇంతింత పురుగుకు లేతాకే గదా ఏస్తాము. ముదురాకు ఏస్తే బతుకుతాదా? ఆయన సెప్పినట్ల ఇనండి," అంది.

ఆయన విన్నాడు. ఆ ఇంట్లో చివరిమాట ఎవరిదో నాకు ఆ రోజే తెలిసింది.

ఆ తర్వాత లైట్లు తుడవడానికి, ఎత్తు చూడడానికి అప్పుడప్పుడూ కుప్పం పోయేవాణ్ణి. పోయిన ప్రతిసారీ రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి తిననిదే ఆమె కదలనిచ్చేది కాదు. సాయంత్రం బస్సుకు తొందర పడుతుంటే రాళ్ళాయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేవాడు. ఆయనకు ఆ వేళంటే ప్రాణం. తెలుపు తగ్గిపోయి, నీలం ఒక్కటే మిగిలి, పగడాలు పచ్చగా, నారింజగా రగులుతూ, అదీ మెల్లగా సన్నగిల్లేది. భార్యాభర్తలిద్దరూ రెండు కుర్చీలు వేసుకుని ఎదురుగా కూర్చునేవాళ్ళు. చివరి వెలుగు పోయేముందు ఆయన ఫ్యాక్టరీలో కూలోళ్ళకు చెప్పినట్టే పగడాలకు చెప్పేవాడు.

"సాలు, పండుకోండి. పొద్దున్నే పనికి రావల్ల."

ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. రోజూ అదే మాట, రోజూ అదే నవ్వు. చూసేవాళ్ళకు ఏముందిలే అనిపిస్తుంది. నాకు మాత్రం, ఇన్ని నాటకాలకు లైట్లు వేశాను గానీ, ఇంత చక్కగా ముగిసే సీను చూడలేదనిపించేది.

వానలు మొదలైన రోజుల్లో ఆయన ఫ్యాక్టరీలో కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె ఆగిపోయింది. కబురు మాకు వారం దాటాక గానీ అందలేదు. ఓనరు చాలాసేపు ఒక ఖాళీ తొట్టి తుడుస్తూ కూర్చున్నాడు. తర్వాత, మన తరఫున పలకరించి రమ్మని నన్ను పంపాడు. బస్సు పుంగనూరు, పలమనేరు దాటి కుప్పం చేరేసరికి మధ్యాహ్నం తిరిగింది. దారి పొడుగునా ఆమెతో ఏం మాట్లాడాలా అని వెతుక్కున్నాను. ఎన్ని ఏడుపు సీన్లకు లైటు వేశానో లెక్కలేదు కానీ, ఒక్క ఓదార్పు మాట కూడా నోటికి రాలేదు.

హాల్లో గోడవారగా ఆయన పటం, దండ, నేల మీద ఇత్తడి కుందిలో నూనె దీపం. పక్కనే ట్యాంకు. ఆమె ట్యాంకు కాళ్ళకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి కళ్ళు తుడుచుకుంది. నేను చేతులు జోడించి ఒక పక్కన కూర్చున్నాను. అప్పుడు నా కళ్ళు ట్యాంకు మీద పడ్డాయి. రెండు లైట్లూ తెల్లగా, ఎంత బలముందో అంత బలంతో వెలుగుతున్నాయి. గోడ మీది టైమరు పెట్టె ఊడదీసి కిటికీలో పెట్టి ఉంది. వైరు నేరుగా ఇన్వర్టరుకు పోతోంది. నీళ్ళలోకి చూశాను. పైనున్న వేళ్ళ పగడాలు కొసల నుంచి పాలిపోయాయి. మేస్త్రీ సున్నం కొట్టినట్టుంది.

సంగతి రాళ్ళాయన అక్క చెప్పింది. తమ్ముణ్ణి చిన్నప్పుడు ఎత్తుకుని పెంచిన మనిషి, దినాలు జరిగేదాకా ఇల్లు నడపడానికి వచ్చింది. ఆయన్ను ఇంటికి తెచ్చి ట్యాంకు పక్కనే పడుకోబెట్టారట. జనం తొక్కిడికి తలాపున పెట్టిన దీపం కొండెక్కింది. సరిగ్గా అప్పుడే టైమరు తన వేళకు తాను ట్యాంకు లైటూ ఆర్పేసింది. ఇంట్లో రెండు దీపాలూ పోయాయే అని ఎవరో అన్నారు. ఆయన భార్య లేచి పోయి టైమరు పెరికేసి, లైటు నేరుగా తగిలించిందట. అది ఆయన చేత్తో వెలిగించుకున్న దీపమని, పెద్దకర్మ చేసే పెద్ద దినం దాకా దాన్ని ఆరనివ్వనని చెప్పిందట. అప్పటినుంచి పగలూ రాత్రీ అట్లే వెలుగుతోంది. ఆమె దాని ముందు నుంచి లేవడం లేదు.

మన వైపు మీకు తెలుసు గదా. మనిషి పోయినచోట పెట్టిన దీపం పెద్ద దినం దాకా ఆరకూడదు. అది ఆచారం. అందులో ఆమె తప్పేముంది? కాకపోతే అది వత్తి దీపం కాదు, దాని కింద ప్రాణాలున్నాయి.

నేను పంచలోకి పోయి ట్యాంకు ఫోటో అంగడికి పంపాను. నీళ్ళ డాక్టరమ్మ వెంటనే ఫోను చేసి, ఈ పొద్దే ఆర్పించమని, రేపటికి వద్దని, పెద్ద దినం దాకా ఉంచితే సున్నపురాళ్ళు తప్ప ఏమీ మిగలవని కొట్టినట్టు చెప్పింది. ఫోను ఓనరు లాక్కున్నాడు. సావు జరిగిన ఇంట్లో దీపం ఆర్పమని చెబుతావా, పలకరించేసి గమ్మున వచ్చేయమన్నాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. నేను పంచలో నిలబడి, గోరుచుట్టు మీద రోకటి పోటు ఎవరికి పడుతోందో ఆలోచించాను. భర్త పోయిన మనిషికి నేను చెబితే ఒక దెబ్బ. చెప్పకపోతే, పెద్ద దినం అయ్యాక ఆమె తలెత్తి చూసేసరికి, ఆయన పెంచుకున్నవన్నీ ఆమె పెట్టిన దీపం కిందే చచ్చిపోయి ఉంటాయి. అది ఇంకా పెద్ద దెబ్బ. అప్పుడు ఆమెకు ఎవరు నచ్చజెప్పగలరు?

లోపలికొచ్చి మొదట అక్కగారిని పక్కకు పిలిచి, ఉన్నమాట చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు.

"దినాలు గాకుండా దీపం తీస్తే వానికి దావ కనపడదప్పా. సీకట్లో తిరుగులాడతాడు. ఆ మాట మళ్ళా అనొద్దు," అంది.

ఇంకేం అనాలి? వచ్చి మళ్ళీ నా చోట కూర్చున్నాను. బయట వాన మబ్బు కమ్మి పొద్దు వాలుతున్నట్టే ఉంది. ట్యాంకు మాత్రం నడిఎండలాగా మండుతోంది. చాలాసేపటికి ఆమే, నావైపు చూడకుండా, అద్దం మీద చెయ్యి పెట్టి అడిగింది.

"సూడప్పా, ఇవి తెల్లగా అయితాండాయి. ఆయన పోయినాడని ఇవి కూడా తెల్లకోక కట్టుకుంటాండాయా?"

నేను కొంచెం దగ్గరకు జరిగాను.

"కాదమ్మా. వాటికి నిద్దర లేదు. ఆయన పోయినప్పటినుంచీ అవి కన్ను మూయలేదు," అన్నాను.

ఆమె తల తిప్పి నన్ను చూసింది. నేను మాట వెతుక్కున్నాను. పగడాలు, పాచి, పొయ్యి, ఇవన్నీ ఆమెకు అప్పుడు చెబితే ఎక్కుతాయా? అందుకని ఆమెకు తెలిసినదాంట్లోంచే అడిగాను. పట్టుపురుగు పెరిగేటప్పుడు మధ్యమధ్య ఆకు మాని, తలెత్తి కదలకుండా నిద్రపోతుంది. జ్వరానికి పోయింది అంటారు మన రైతులు. ఆ నిద్ర చెడితే పురుగు దక్కదు.

"జ్వరానికి పోయిన పురుగును మీ ఇంట్లో ఎట్ల సూసేవాళ్ళమ్మా?" అని అడిగాను.

ఆమె మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. పురుగు జ్వరానికి పోతే ఆకు వేసేవాళ్ళు కాదట. తట్ట కదిలించేవాళ్ళు కాదట. వాళ్ళమ్మ పిల్లల్ని గదిలో అడుగు పెట్టనిచ్చేది కాదట, గట్టిగా తుమ్మినా కసిరేదట. చెబుతూ చెబుతూ ఆగిపోయింది. ఆమె చూపు మేస్త్రీ మీద నిలబడింది. అర్థమైందని ఆ మొహం చూస్తే తెలిసింది. నేను అర్థం చేయించకుండా ఉంటే బాగుండేదేమో అని కూడా ఆ క్షణంలో అనిపించింది.

"అయితే నేనేనాప్పా వీటిని సంపుతాండేది?" అంది.

జవాబు నా వెనకనుంచి వచ్చింది. అక్కగారు వంటింటి గడపలో ఎప్పటినుంచి నిలబడి వింటోందో తెలియదు. వచ్చి మరదలి పక్కన నేల మీద చతికిలబడింది. ఎవరివైపూ చూడకుండా, ఆ లైటు వైపే కళ్ళు చికిలించి చూస్తూ మాట్లాడింది.

"వానికి ఎలుతురుంటే నిద్దర పట్టదు. సిన్నప్పుడు బుడ్డి ఆర్పితే గాని కండ్లు మూసేటోడు కాదు. ఆర్పక్కా, ఆర్పక్కా అని ఒకటే పోరు. దావ సూసుకునేదానికి నూనె దీపం సాలమ్మా. ఇంత ఎలుతురు పెడితే వాడు పండుకునేదెట్ల?"

ఆమె ఒళ్ళో తల పెట్టుకుని మరదలు ఏడ్చింది. వచ్చినప్పటినుంచి ఆమె గట్టిగా ఏడవడం నేను చూడలేదు. అక్కగారు ఒక చేత్తో ఆమె వీపు నిమురుతూ, ఇంకో చేత్తో కుందిలోకి నూనె వంచింది.

నేను లేచి టైమరు తెచ్చి గోడకు తగిలించాను. దాని స్విచ్చి మీద చెయ్యి పెట్టాను కానీ, నొక్కడానికి చెయ్యి రాలేదు. తీసేదే కష్టమని పెద్దాయన అన్నది గుర్తొచ్చింది. ఆమె కళ్ళు తుడుచుకుని లేచి వచ్చింది. నువ్వు కాదప్పా, నేను తీస్తానంది. ఎట్లా తీయాలో చూపించాను. మొదట తెలుపు తగ్గింది. హాలు చీకటిపడుతున్నకొద్దీ నూనె దీపం వెలుగు గోడ మీద కనిపించసాగింది. అంతదాకా అది వెలుగుతున్నట్టే తెలియలేదు. తర్వాత నీలం ఒక్కటే మిగిలింది. మేము ముగ్గురం అద్దం దగ్గరకు వంగాం. మేస్త్రీలో వెలుగు లేదు. పైనున్న వేళ్ళు చాలావరకు బూడిదలాగా ఉన్నాయి. అడుగున నీడపట్టున మాత్రం పుట్టగొడుగుల అంచులు పచ్చగా మినుకుమంటున్నాయి. ఒక వేలు మొదట్లో సన్నగా నారింజ గీత. ఆమె ఆ గీతను వేలితో చూపించింది. బతికే ఉందన్నాను.

నీలం కూడా సన్నగిల్లింది. చివరి వెలుగు పోయేముందు, ఆమె అలవాటుగా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన మాట కోసం ఒక్క క్షణం ఆగినట్టే ఆగింది. తర్వాత తనే అంది.

"సాలు, పండుకోండి."

పొద్దున్నే పనికి రావల్ల అన్నది మాత్రం అనలేదు. అక్కగారికి ఆ మాట తెలియదు కాబట్టి దాని లోటు తెలియలేదు. నాకు తెలిసింది.

దినాలు కాని ఇంట్లోంచి పోయొస్తానని చెప్పకూడదు. చెప్పకుండానే చెప్పులేసుకుని, వానలో బస్టాండుకు నడిచాను.

అంగడికి వచ్చి జరిగింది చెబితే ఓనరు అరవలేదు. నీళ్ళ డాక్టరమ్మ మర్నాడే కొత్త ఉప్పునీళ్ళు కలిపి తీసుకుని కుప్పం బయల్దేరింది. సావింట్లో మొహం మీద కొట్టినట్టు ఏం మాట్లాడుతుందోనని నేనూ ఓనరూ హడలి చచ్చాం. తర్వాత తెలిసింది, ఆమె అక్కడ ఒక్క మాట కూడా మాట్లాడకుండా, నీళ్ళు మార్చి, ఆయమ్మ పక్కన కాసేపు కూర్చుని వచ్చేసిందట. మనుషులు మనకు పూర్తిగా ఎప్పుడు తెలుస్తారు?

నేను లైట్లను తాళ్ళు లాగి దూలం దాకా ఎత్తేయమని, మొదటి రోజుల్లోలాగా సన్నగా పెట్టి, వారానికింత దించమని ఫోనులో చెబుతూ వచ్చాను. నేను రావక్కర్లేదని, తాడు పట్టుకునేది తనేనని ఆమె ముందే చెప్పేసింది. లేతాకుతో మొదలుపెడతా లేప్పా అంది.

నేను పని మానేసే ముందు కడసారిగా కుప్పం పోయాను. అప్పటికి నిచ్చెన ఎక్కితే మోకాళ్ళు వణుకుతున్నాయి, ఓనరే ఇక చాలన్నాడు. పగడాలు కొన్ని పోయాయి. పోయినవాటిని దాచిపెట్టి నేను చెప్పను. కానీ ఆ నారింజ గీత వేలంతా పాకింది. పుట్టగొడుగులు అడుగంతా పరుచుకున్నాయి. ట్యాంకు మధ్యలో మేస్త్రీ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. నేను అడగకముందే ఆమె ఆయన పటం వైపు చూపించింది. మేస్త్రీని నీళ్ళలోంచి తీసి, కడిగి, ఎండబెట్టి అక్కడ పెట్టుకుంది. తెల్లగా, మడతలు మడతలుగా, రాయికి రాయి. ఆ మడతల మధ్య గుంటలో నూనె దీపం కుదురుగా కూర్చుని వెలుగుతోంది.

"సచ్చినా అది రాయే గదప్పా. ఆయనకు రాళ్ళంటే ఇష్టం," అంది.

సంగటి తిన్నాను. సాయంత్రం బస్సుకు లేవబోతే, ఉండమని కుర్చీ జరిపింది. రెండో కుర్చీలో నేను కూర్చోలేదు, పక్కనే నేల మీద కూర్చున్నాను. తెలుపు తగ్గింది. నీలం మిగిలింది. పచ్చగా, నారింజగా బతికున్నవన్నీ రగిలాయి. పటం ముందు దీపం తన మానాన తాను వెలుగుతోంది, ట్యాంకులో చీకటి తన వేళకు తాను వస్తోంది. ఆమె ముందుకు వంగి, వాటితో చెప్పింది.

"సాలు, పండుకోండి. పొద్దున్నే పనికి రావల్ల."

చెప్పి, కొంగు అడ్డం పెట్టుకుని కొంచెం నవ్వింది. నేను లేచి చెప్పులేసుకున్నాను. ఈసారి గడపలో నిలబడి, పోయొస్తానమ్మా అని చెప్పి వచ్చాను.